హెడ్డు మారిన ఇంజన్ అదే ఇంజనా?

సిలిండర్ హెడ్డును దించి పరీక్షించడం, పనికిరాదని తేలితే కొత్తది బిగించడం లారీ షెడ్లలో రోజూ జరిగే పని. బిగింపు ముగిసి ఇంజన్ మళ్ళీ ఆడినప్పుడు అది పాత ఇంజనేనా, వేరే ఇంజనా అన్నది మాత్రం భారతీయ తత్త్వవేత్తల మధ్య రెండు వేల ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. అవయవం మారినా వస్తువు నిలుస్తుందా? నిలిస్తే ఎక్కడ నిలుస్తుంది? విప్పి చూస్తే కంటబడుతుందా? బౌద్ధులు రథాన్ని ముందు పెట్టుకుని వాదించారు, న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు వస్త్రాన్ని, కుండను ముందు పెట్టుకున్నారు. డీజిల్ ఇంజన్ వాటికన్నా మంచి ఉదాహరణ. కుండకు ఆడటం, ఆగడం లేవు. ఇంజన్‌కు ఆ రెండూ ఉన్నాయి గనుక వస్తువు ప్రశ్నతో పాటు ప్రాణం ప్రశ్న కూడా అందులోకి వచ్చి చేరుతుంది.

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు చుట్టుపక్కల ఈ పనికి కొదవ లేదు. నేలంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీ, నాపరాళ్ల గనులు, రాయి తోలే టిప్పర్లు, సిమెంటు బస్తాలతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దారుల్లో తిరిగే లారీలు ఇక్కడి బతుకుతెరువు. ఇంజన్‌ను చెడగొట్టేవీ ఇక్కడ నిండుగానే ఉన్నాయి: 40 డిగ్రీలు దాటే ఎండ, రాతి దుమ్ము, మోయగలిగినంతా మోయించే బరువు. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది నీళ్లు. సున్నపురాతి నేలలో బోరు నీటికి కాఠిన్యం ఎక్కువ. కూలెంటుకు డబ్బులు దండగనుకుని ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే హెడ్డు లోపలి సన్నటి నీటి దారుల్లో సున్నం గార కడుతుంది. గార వేడిని నీళ్లలోకి పోనివ్వదు. బయట రేడియేటర్ నిండుగానే కనిపిస్తుంది, లోపల లోహం కాలిపోతుంటుంది.

సిలిండర్ బ్లాకు పైభాగాన్ని మూసే పోత ఇనుప దిమ్మే హెడ్డు. కార్లలో ఎక్కువగా అల్యూమినియంది ఉంటుంది. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి, వాటిని తెరిచి మూసే వాల్వులు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, వీటి చుట్టూ నీళ్లు తిరిగే గదులు అన్నీ ఆ ఒక్క దిమ్మలోనే. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ గాలిని సుమారు 16 నుంచి 18 రెట్లు కుదిస్తుంది. ఆ కుదింపుకే గాలి కాగి, చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. మంట వేడి ఒక్క క్షణం 2,000 డిగ్రీల దరిదాపుల్లోకి వెళుతుంది. గోడకు ఒక పక్క ఆ మంట, మరో పక్క నీళ్లు. హెడ్డుకూ బ్లాకుకూ నడుమ పలచటి గాస్కెట్ ఒకటి ఉంటుంది. మంట, నీళ్లు, ఆయిల్ ఈ మూడూ ఒకదాని చోటులోకి ఒకటి చొరబడకుండా ఆపేది అదే.

చెడినప్పుడు కనిపించే గుర్తులు మేస్త్రులకు కంఠస్థం. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వస్తుంది. రేడియేటర్ మూత తీస్తే బుడగలు కనిపిస్తాయి. ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గిపోతుంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. ‘గాస్కెట్ కొట్టేసింది’ అని తేల్చేస్తారు. ఈ గుర్తులన్నీ చెప్పేది ఒకటే సంగతి: విడిగా ఉండవలసినవి కలిశాయి. నీళ్లలో దోషం లేదు, ఆయిల్‌లో దోషం లేదు, మంటలోనూ లేదు. వాటి మధ్య హద్దు చెరిగిపోవడమే జబ్బు. తత్త్వవిచారణకు ఇది చిన్న ఆధారమేమీ కాదు. ఇంజన్ అనేది లోహపు ముక్కల మొత్తం మాత్రమే అయితే గాస్కెట్ కొట్టేసిన ఇంజన్‌కు ఏ లోటూ ఉండకూడదు. ఒక్క ముక్క కూడా పోలేదు కదా.

హెడ్డును ఇంజన్ పూర్తిగా చల్లారాకే దించాలి. వేడి మీద బోల్టులు వదిలితే లోహం వంగుతుంది. చివరి బోల్టుల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తూ, ఒకేసారి కాకుండా దఫదఫాలుగా వదులు చేయాలి. దించిన తర్వాత మసి గీకి, సున్నం వదిలేలా కడిగి, ఆరబెట్టి బల్ల మీద తలకిందులుగా పెడతారు. పరీక్ష ఇక్కడ మొదలవుతుంది.

మొదట వంపు చూస్తారు. అంచు తిన్నగా ఉన్న ఉక్కు బద్దను హెడ్డు ముఖం మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఐమూలగా ఆనించి, దాని కింద ఫీలర్ గేజీ రేకు దూరుతుందేమో చూస్తారు. చాలా ఇంజన్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా సహిస్తారు, అసలు హద్దు మాత్రం ఆ ఇంజన్ తయారీదారు పుస్తకంలో ఉన్నదే. ఇంచుమించు తలవెంట్రుక మందమంత సందు అది. కంటికి ఆనదు, వేలికి తగలదు, ఆ సందులోంచే మంట దారి చేసుకుంటుంది. తర్వాత వాల్వుల వంతు. పోర్టుల్లో కిరసనాయిలు పోసి కాసేపు ఆగితే, సరిగా కూర్చోని వాల్వు చుట్టూ తడి ఊరుతుంది. గైడులో వాల్వు కాడ ఎంత ఊగుతున్నదో కదిపి చూస్తారు. పగుళ్లు ఎక్కువగా వచ్చేది రెండు వాల్వు సీట్ల నడుమ ఉన్న ఇరుకైన చోట, లేదంటే సీటుకూ ఇంజెక్టర్ రంధ్రానికీ మధ్య. అనుమానం ఉన్నచోట ఎర్రటి రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి చిమ్మితే పగుల్లో దాగిన రంగు ఎర్రగీతలా పైకి తేలుతుంది. పోత ఇనుముకైతే అయస్కాంత పరీక్ష కూడా పనిచేస్తుంది, అల్యూమినియానికి పనిచేయదు. లోపలి పగుళ్ల కోసం నీటి దారులన్నీ బిగించి, గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచుతారు. బుడగ వచ్చినచోట పగులున్నట్టు.

తీర్పు ఆ తర్వాతే. వంపు కొద్దిగానే ఉంటే లేత్ షాపులో ఫేసు కొట్టిస్తారు. అయితే కొట్టించిన ప్రతిసారీ హెడ్డు మందం తగ్గుతుంది, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. ఒక హద్దు దాటాక మరమ్మతే చెరుపవుతుంది. గైడ్లు, సీట్లు అరిగితే అవి మాత్రం మార్చవచ్చు. మంట గది దగ్గర పగిలిన హెడ్డును వెల్డింగ్ చేయించి నాలుగు రోజులు నడిపించేవారు ఉన్నారు. పోత ఇనుమును ముందుగా సమంగా కాచి, అతికాక మెల్లగా చల్లార్చకపోతే అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది. నిండు బరువుతో ఘాట్ ఎక్కే లారీకి అలాంటి అతుకును నమ్మడం తప్పు. దాన్ని వదులుకోవడమే వివేకం.

ఇంత పరీక్షలోనూ దొరికేది దోషం మాత్రమే. ఇంజన్‌ను ఆడించేది ఏదో అది మాత్రం దొరకదు. హెడ్డును ఎంత వెతికినా ‘ఆడటం’ అన్నది అందులో ఒక వస్తువుగా కనబడదు, బ్లాకులోనూ కనబడదు. ఈ సంగతి మీద మన దగ్గర మూడు కథలున్నాయి, మూడూ విప్పి చూసిన కథలే. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత మర్రిపండును, అందులోని గింజను పగలగొట్టిస్తాడు. లోపల ఏముందని అడిగితే ఏమీ లేదంటాడు కొడుకు. ఆ కనబడని సూక్ష్మంలోంచే ఇంత మహావృక్షం నిలిచిందంటాడు తండ్రి. బౌద్ధుల దీఘనికాయంలోని పాయాసి సుత్తంలో పాయాసి అనే పాలకుడు మరణశిక్ష పడినవారి శరీరాల మీద రకరకాల పరీక్షలు చేయించి, జీవుడు ఎక్కడా కనబడలేదు గనుక లేడని వాదిస్తాడు. కుమార కస్సపుడు అతనికి ఒక కుర్రవాడి సంగతి చెబుతాడు. ఆరిపోయిన నిప్పును మళ్ళీ రాజేయమంటే ఆ కుర్రవాడు అరణి కట్టెలను చీల్చి, పేళ్లు చేసి, రోట్లో దంచి నిప్పు కోసం వెతికాడట. నిప్పు కట్టెలో దాగిన వస్తువు కాదు, రెండు కట్టెలను తగిన తీరులో మథిస్తే పుట్టేది. డీజిల్ ఇంజన్‌లోని మంటకు ఇంతకన్నా సరిపోయే మాట లేదు. అది డీజిల్‌లో లేదు, గాలిలో లేదు, పిస్టన్‌లో లేదు. మూడూ తగిన క్షణంలో, తగిన కుదింపులో కలిసినప్పుడు పుడుతుంది.

మూడో కథ కడప జిల్లాదే. కందిమల్లాయపల్లెలో మఠం నెలకొల్పి అక్కడే సజీవసమాధి పొందాడని భక్తులు నమ్మే పోతులూరి వీరబ్రహ్మం జీవితకథల్లో కక్కయ్య వృత్తాంతం ఒకటి. శరీరంలో ఏయే చోట్ల ఏయే దేవతలు కొలువున్నారో స్వామి శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుండగా కక్కయ్య విన్నాడట. ఇంటికి పోయి భార్య శరీరాన్ని కోసి చూశాడట. రక్తమాంసాలు తప్ప మరేమీ కనిపించక, చెప్పిందంతా అబద్ధమని స్వామిని నిలదీశాడట. స్వామి ఆమెను బతికించి, అతని కళ్లు తెరిపించాడని కథ. కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, స్వర్ణకారం కులవృత్తులుగా గల విశ్వబ్రాహ్మణుల్లో పెరిగిన గురువు గురించి ఇలాంటి కథ పుట్టడం గమనించదగ్గది. చేతిపని ఎరిగినవాడికి విప్పడం విలువ తెలుసు, విప్పితే దొరకనిది ఏమిటో కూడా తెలుసు.

అయితే యంత్రం నుంచి జీవుడి దాకా ఒక్క గెంతులో వెళ్లకూడదు. దించిన హెడ్డును మళ్ళీ బిగిస్తే ఇంజన్ ఆడుతుంది, కోసిన శరీరాన్ని కుట్టినా ప్రాణం రాదు. కథలో ఆమె బతకడానికి స్వామి మహిమ కావలసివచ్చింది. భౌతికవాదులైన చార్వాకులు పిండి, బెల్లం లాంటి పదార్థాలు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టే భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు. ఇంజన్‌ను చూపించి అదే వాదం చేయడం సులువు, కానీ ఆ సాక్ష్యం చెల్లదు. ఇంజన్ ఎందుకు ఆడాలో, ఎటు పోవాలో దానికి తెలియదు. ఆ సంకల్పం డ్రైవర్‌ది. ఇంజన్ తేల్చగలిగింది వస్తువు సంగతే, ఆత్మ సంగతి కాదు. వస్తువు సంగతిని మాత్రం చక్కగా తేలుస్తుంది.

ఇక బిగింపు. బ్లాకు ముఖం మీద పాత గాస్కెట్ తునక ఒక్కటి కూడా మిగలకుండా శుభ్రం చేయాలి. బోల్టు గుంతల్లో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ వత్తిడికి బ్లాకే పగలవచ్చు, అందుకని గాలి కొట్టి ఆరబెట్టాలి. గాస్కెట్ తప్పనిసరిగా కొత్తదే వేయాలి. సాగే రకం బోల్టులైతే అవీ కొత్తవే. ఈసారి బిగింపు మధ్య నుంచి మొదలై చివరలకు సాగుతుంది, టార్క్ రెంచితో, పుస్తకం చెప్పిన కొలతకు, దఫాలుగా. తర్వాత టాపెట్ల సందు సరిచేసి, నీళ్లు కలిసిన ఆయిల్ పారబోసి కొత్తది పోసి, కూలెంటు నింపి గాలి వదలాలి. రేడియేటర్‌లో గార అలాగే ఉంచి హెడ్డు ఒక్కటే మార్చినవారికి ఆ ఖర్చు మళ్ళీ తప్పదు. కారణాన్ని వదిలి కార్యాన్ని సరిదిద్దినట్టే అవుతుంది. అంతా అయ్యాక చక్రం కింద నిమ్మకాయ పెట్టి, టెంకాయ కొట్టి బండి తీస్తారు.

ఇప్పుడు ఇది అదే ఇంజనా? బౌద్ధుల జవాబు మిలిందపన్హలో ఉంది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు యవన రాజు మిలిందుడు రథమెక్కి వచ్చానంటే, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతాడు. ఏదీ కాదు, అన్నీ కలిపిన కుప్పా కాదు, వాటిని ఆశ్రయించి లోకం వాడే పేరే రథం అని ఇద్దరూ ఒప్పుకుంటారు. మొదటి జాములో వెలిగిన దీపజ్వాలా చివరి జాములో వెలిగినదీ ఒకటేనా అంటే, అదే కాదు, వేరొకటీ కాదు అంటాడు నాగసేనుడు. కృష్ణా తీరపు నాగార్జునకొండకు తన పేరు అంటుకున్న ఆచార్య నాగార్జునుడి మాధ్యమిక దర్శనం ఈ దారినే ఇంకా ముందుకు తీసుకుపోయింది. వస్తువుకు తనదైన స్వభావమంటూ లేదు, పరస్పరాధారంగా నిలవడమే దాని ఉనికి అన్నది. ఈ లెక్కన హెడ్డు మారిందా, ‘అదే’ ఇంజనా అన్న ప్రశ్నకు లోతైన జవాబేమీ అక్కర్లేదు. లోకం ఎలా పిలిస్తే అలా.

నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. అవయవాలకు వేరుగా అవయవి అనే నిజమైన వస్తువు ఉందన్నారు. గౌతముడి న్యాయసూత్రాలు చూపే యుక్తి ఒకటి చాలా బలమైనది: ఒక భాగాన్ని పట్టుకుంటే మొత్తం పట్టుబడుతుంది, ఒక భాగాన్ని లాగితే మొత్తం కదులుతుంది. ఒట్టి కుప్ప అయితే అలా కదలదు. ఇసుకకుప్పలో ఒక రేణువును లాగితే రేణువే వస్తుంది. షెడ్డు నేల మీద పరిచిన విడిభాగాలు బస్తా సిమెంటు కూడా మోయలేవు, బిగించిన ఇంజన్ టన్నుల బరువును ఎత్తు ఎక్కిస్తుంది. మోసే శక్తి మొత్తానిదే, దాన్ని ఒట్టి పేరు అనడం కుదరదు. కానీ నైయాయికులు ఇక్కడే ఒక చిక్కులో పడ్డారు. అవయవం మారితే పాత అవయవి నశించి కొత్త అవయవి పుడుతుందని, ‘ఇది అదే’ అని గుర్తుపట్టడం పోలిక వల్ల కలిగే భ్రమ అని చెప్పవలసి వచ్చింది. తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు చదువుకున్న సంప్రదాయం ఇదే. దీని ప్రకారం హెడ్డు మారిన క్షణంలో ఇంజన్ కొత్తది. ఒక్క బోల్టు మారినా కొత్తదే. తర్కం తెగలేదు గానీ లోకవ్యవహారం తెగిపోతుంది, అప్పు తీసుకుని కొన్న ఇంజన్‌కూ వాయిదా కట్టే ఇంజన్‌కూ సంబంధం లేకుండా పోతుంది.

గ్రీసులో ఇదే ప్రశ్న థీసియస్ ఓడ పేరిట నడిచింది. కుళ్లిన పలకలు తీసి కొత్తవి వేస్తూ పోతే ఓడ అదేనా అని ఏథెన్సు తత్త్వవేత్తలు వాదించుకునేవారని ప్లూటార్కు రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు తత్త్వవేత్త హాబ్స్ మెలిక ఒకటి జోడించాడు: తీసేసిన పాత పలకలన్నీ ఒకడు పోగుచేసి మరో ఓడ కడితే, రెండిట్లో అసలుది ఏది? హాబ్స్ ఊహించినది గుజిరీ వ్యాపారంలో నిత్యం జరుగుతుంది. ఒక లారీ నుంచి దించిన హెడ్డు పాత సామాన్ల అంగడికి చేరుతుంది, వెల్డింగ్, ఫేసింగ్ చేయించుకుని మరో లారీకి ఎక్కుతుంది. అప్పుడు రెండో లారీలో మొదటి ఇంజన్ ఉందని ఎవరూ అనరు. దాని అర్థం, ఒక ముక్క తన వెంట ఇంజన్‌తనాన్ని మోసుకుపోదు. ముక్కల మధ్య పొందిక నిలిచినచోటే ఇంజన్ నిలుస్తుంది.

చట్టం ఈ వాదాల జోలికి పోకుండా ఒక గురుతు పెట్టుకుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చే ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఉంటాయి. ఇంజన్ నంబరు సాధారణంగా బ్లాకు మీద కొట్టి ఉంటుంది. హెడ్డు మారితే కాగితం మారదు, ఇంజనే మారితే రవాణా అధికారులకు తెలపాలి. లోకవ్యవహారానికి ఇది చాలు. చిలమకూరు ఫ్యాక్టరీ సంగతీ ఇలాంటిదే. కోరమాండల్ ఫెర్టిలైజర్స్ నుంచి 1990లో ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చింది, 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్సే అల్ట్రాటెక్ అనుబంధ సంస్థ అయింది. యజమానులు మారారు, యంత్రాలు మారుతూనే ఉంటాయి, ఊరికి అది చిలమకూరు ఫ్యాక్టరీయే.

మార్పుకూ నిలకడకూ మధ్య సంధి కుదిర్చిన పద్ధతుల్లో ఎక్కువ ఆలోచన కనిపించేది మాత్రం ఆలయాలకు ఆగమాలు చెప్పే జీర్ణోద్ధరణలో. చిలమకూరు అగస్త్యేశ్వరాలయం లాంటి ప్రాచీన ఆలయాల్లో కాలం చేతిలో దెబ్బతినని రాయి ఉండదు. గర్భాలయంలో మరమ్మతు చేయవలసి వస్తే శిల్పి ఉలి పట్టే ముందు కళాకర్షణ జరగాలి. మూర్తిలోని శక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి తెచ్చి, బాలాలయమనే తాత్కాలిక ఆలయంలో ఉంచి పూజిస్తారు. పని ముగిశాక సంప్రోక్షణ చేసి తిరిగి మూర్తిలో నిలుపుతారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. పూరీలో జగన్నాథుడి దారుమూర్తులనే మార్చి కొత్తవి ప్రతిష్ఠించే నవకళేబరం 2015లో జరిగింది. ఆగమం పదార్థాన్ని పట్టుకుని వేలాడదు, అలాగని పగిలినదాన్ని పారేసి మరోటి తెచ్చుకోమనదు. పాతదానికీ కొత్తదానికీ నడుమ పూజ తెగకుండా చూడమంటుంది. నిలకడ రాతిలో లేదు, తెంపు లేకుండా అప్పగించడంలో ఉంది.

ఈ చూపుతో చూస్తే ఇంజన్ ప్రశ్నకు న్యాయమైన జవాబు దొరుకుతుంది. మోసే శక్తి మొత్తానిదని నైయాయికులు చెప్పింది నిజం. ఆ మొత్తం ముక్కల పొందికను విడిచి ఎక్కడా లేదని బౌద్ధులు చెప్పిందీ నిజం. ఆ పొందికను ఎరిగినవారు పాతదాన్ని పరీక్షించి, కారణం తెలుసుకుని, కొలత తప్పకుండా కొత్తదానికి అప్పగించినప్పుడు ఇంజన్ అదే. పగులెక్కడో చూడకుండా, గార కడగకుండా, దొరికిన హెడ్డు తగిలించి తోలితే, బ్లాకు మీద నంబరు పాతదే అయినా అది అదే ఇంజన్ అనడానికి ఆధారం బలహీనం. అప్పగింతలో మనుషుల మాట కూడా భాగమే, దాన్ని దాచిపెడితే మిగతాదంతా సరిగా చేసినా గొలుసు తెగుతుంది. అందువల్ల హెడ్డు మార్చిన మేస్త్రి దించిన పాత హెడ్డును, అందులోని పగులును యజమానికి చూపించాకే గుజిరీకి పంపాలి. వేసింది కొత్తదా, మరో బండి నుంచి దించి అతికిందా అన్నది బిల్లు మీద రాయాలి. బండి అమ్మేటప్పుడు యజమాని ఆ బిల్లును ఆర్‌సీతో పాటే కొనేవారి చేతికి ఇవ్వాలి.